కళ్లంలో పోసిన ఇల్లు

మా మరిది ఏలూరు హైస్కూల్లో ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చిన వేసవి అది. పైచదువు ఏమిటని మావయ్యగారు భోజనాల దగ్గర అడిగారు. ప్లీడరు చదువంటాడనే అందరం అనుకున్నాం.

"ఇళ్ళకి పటాలు గీసే చదువు నాన్నగారూ. బొంబాయిలో ఉందట," అన్నాడు.

నా చేతిలో పులుసు గరిట అలాగే ఆగిపోయింది.

"తాపీ పనికి బొంబాయెందుకూ? మన మేస్త్రీ నేర్పడూ?" అన్నారు మావయ్యగారు. నవ్వుతూనే అన్నారు గానీ, సగం అన్నం కంచంలో వదిలేసి లేచిపోయారు. ఆయన అన్నం వదలడం కాపురానికొచ్చాక నేను చూడ్డం అదే మొదలు.

ఆ పిచ్చి అతనికెలా పట్టిందో నాకు తెలుసు. మాది గుండుగొలను అవతల, కొల్లేటి వైపు పల్లె. అంతకు ముందు గాలివానకి మా తాటాకిల్లు చూరు లేచిపోతే, అందరం లంకలో ఒక చుట్టింట్లో తలదాచుకున్నాం. గుండ్రటి మట్టిగోడ, కిందికంటా దిగిన కప్పు. బయట చెట్లు విరిగి పడుతున్నాయి, లోపల దీపం కూడా ఆరలేదు. మేమంతా దేవుణ్ణి తలుచుకుంటుంటే అతను గోడ నిమురుతూ కూర్చున్నాడు. "గాలికి పట్టుకోడానికి మూల దొరకలేదు వదినా," అన్నాడు. తర్వాత ఏలూరులో మిషను వాళ్ళ చర్చిలోకి దూరి, ఎండవేళ అంత చల్లగా ఎందుకుందో చూసొచ్చాడు. వేడిగాలి పోయేలా పైన కిటికీలు పెట్టారట. పొగకి ఎప్పుడూ ఎర్రబడి ఉండే వాళ్ళమ్మ కళ్ళు గుర్తొచ్చాయట.

ఆ ఏడు మేం పెంకుటిల్లు కట్టాలనుకుంటున్నాం. తను కాయితం మీద గీసిన ఇల్లు తెచ్చి అత్తగారికి చూపించాడు.

"ఇదేంట్రా, కోడి కెలికినట్టుంది. ఇందులో పొయ్యేదీ?" అన్నారావిడ.

అతని మొహం చూడలేకపోయాను. "వదినా, మీరు నేలమీద ముగ్గుతో గీస్తే అమ్మకి తెలుస్తుంది," అన్నాడు. నూర్పిళ్ళైపోయి ఇంటి పక్క కళ్లం ఖాళీగా ఉంది. అతను తాడు పట్టి లాగితే, నేను తాడు వెంబడి ముగ్గు పోసుకుంటూ వెళ్ళాను. గుమ్మాల దగ్గర గీత వదిలేశాం. అత్తగారు వచ్చి వంటింట్లో నిలబడ్డారు.

"మరి పొగ?"

"నీ నెత్తిమీద కిటికీ అమ్మా."

ఆవిడ తలెత్తి ఉత్త ఆకాశంకేసి చూసి, "బావుందిరా!" అన్నారు.

అంతలో వెనకనించి కేక. "ఓరి నాయనో! కళ్లంలో ఇంటికి ముగ్గు పోసేశారే!" మావయ్యగారి తల్లి, మేం మామ్మగారు అనేవాళ్ళం, గుండె మీద చెయ్యేసుకుని నిలబడిపోయారు.

మా వైపు ఇంటికి ముగ్గు పోయడమంటే ఆట కాదు. మంచిరోజు చూసి, కొబ్బరికాయ కొట్టి పోస్తారు. పోశాక కట్టి తీరాలి, తొక్కి చెరిపితే ఇంటికి కీడు. పైగా అవి మూఢం రోజులు. నా చేతిలో ముగ్గుచిప్ప జారిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ వాకిట్లో ముగ్గులేస్తున్నదాన్ని, ఇది ఆ ముగ్గు కాదని నాకు తట్టనేలేదు.

ఆ కేకలకి మావయ్యగారు పొలంనించి వచ్చేశారు. "ఏవండీ, పిల్లాడు తెలీక..." అంటున్నారు అత్తగారు, ఆ గీతల వంటింట్లోంచి మాత్రం కదలకుండా. ఇంక బొంబాయి మాట ఎత్తే దారే లేదనుకున్నాను. మావయ్యగారు గీత పక్కనే నడుచుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు.

"నా మంచం ఎక్కడ?"

"ఇక్కడ నాన్నగారూ. దక్షిణం కిటికీలోంచి కొల్లేటి గాలి వస్తుంది."

ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నారు. "వరదొస్తే?"

"అరుగు మీ నడుమెత్తు లేపుతాం. ఆ చుట్టింటి గోడమీద నీళ్ళ చార ఎక్కడిదాకా ఉందో చూసొచ్చాను."

"పెంకులు బరువు. ఈ బంకమట్టిలో కుంగదూ?"

మరిది కాలి బొటనవేలితో ఆ మట్టి గీకి చూశాడు. "అది నాకు తెలీదండీ. తెలుసుకోడానికే వెళ్తానంటున్నాను," అన్నాడు.

మావయ్యగారు లేచి పంచె దులుపుకున్నారు. "అమ్మా, చెరపనక్కర్లేదు. మూలమూలా మేకులు కొట్టించు. కట్టేవాడు చదువుకొచ్చాక కడతాం."

మామ్మగారు నోరు తెరిచేశారు. "మరి నూర్పిళ్ళో?"

"పొలం దగ్గరి మెరక దిబ్బ మీద."

"అందాకా ఆ తాటాకింట్లోనేనా?" అన్నారు అత్తగారు.

"ఇందాకా ఎక్కడున్నావూ?"

మరిది ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు.

అతను బొంబాయి బండెక్కాక వానలు పడి ముగ్గంతా కొట్టుకుపోయింది. మేకులే మిగిలాయి. ఓ తెరిపి రోజు తడిబట్టలు ఆరెయ్యడానికి కళ్లానికి అడ్డంపడి వెళ్తున్నాను.

"గోడలోంచి నడుస్తావేంటమ్మా! గుమ్మం లేదూ?"

మామ్మగారి కేకకి ఉలిక్కిపడి, బట్టల మూటతో వెనక్కొచ్చి, గుమ్మంలోంచి వెళ్ళాను.