ముంగి మీద పడిన నింద

బహ్రెయిన్‌లోని బుసైతీన్‌లో నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో ఒక ఫెరెట్ ఉండేది. మా జగిత్యాల వైపు ముంగిసను ముంగి అంటారు. చూడటానికి అలాగే ఉందని దాన్నీ ముంగి అనే పిలిచాను. మూరెడు పొడవు, సన్నటి ఒళ్ళు, లేత గోధుమరంగు బొచ్చు, కళ్ళ మీదుగా నల్లటి పట్టీ. ఇంటి చిన్నకొడుకు ముచ్చటపడి కొని తెచ్చుకున్నాడు. ఆరు నెలలు తిరగకుండానే చదువుకని దేశం దాటిపోయాడు. మిగతావాళ్ళెవరూ దాన్ని తమ గదుల్లోకి రానివ్వలేదు. చివరికి గ్యారేజీ పక్కనున్న నా గదిలోకి పంజరంతో సహా వచ్చి పడింది.

నాకూ అదంటే ఇష్టం లేదు. వంట చేసే చాచా మొదటి రోజే భయపెట్టాడు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. ముప్పై ఏళ్ళుగా ఆ వంటింట్లోనే ఉన్నాడు.

"తమ్మీ, పైలం. నిద్రల ముక్కు కొరుకుతదంట. చంటిపిల్లల గొంతు పడ్తదంట. దాని కంపు గోడకు పట్టిందంటే సున్నమేసినా పోదు."

"నువ్వు చూసినవా చాచా?"

"నేనేడ చూస్త? అందరంటరు."

మొదటి వారంలోనే నన్ను కరిచింది. నిద్రపోతున్నదాన్ని పైనుంచి చెయ్యి పెట్టి పట్టుకున్నాను. బొటనవేలిలోంచి రక్తం కారింది. చిన్నకొడుక్కి ఫోన్ చేసి, ఇది నాకొద్దని చెప్పాను. అతను నవ్వలేదు, కోప్పడలేదు. "పైనుంచి చెయ్యి వస్తే గద్ద అనుకుంటుంది. ముందు మాట్లాడు, తర్వాత కింది నుంచి ఎత్తు" అన్నాడు హిందీలో. అలాగే చేశాను. అది మళ్ళీ ఎప్పుడూ నన్ను కరవలేదు.

వాసన సంగతీ అంతే. ప్రతి శుక్రవారం సబ్బు పెట్టి స్నానం చేయించేవాణ్ణి. వాసన ఇంకా పెరిగేది. ఒంటికి నీళ్ళు మానేసి, పడుకునే గుడ్డలు ఉతకమని అతనే చెప్పాడు. ఆ తర్వాత గదిలో ఉన్న వాసన పెద్ద లెక్కలోది కాదు. ఈ ఇంటికి రాకముందు పన్నెండు మందిమి పడుకున్న క్యాంపు గది దీనికి పదింతలు కంపు కొట్టేది.

రోజులో ముప్పావు వంతు నిద్రే. నా పాత స్వెటర్ చేతిలో దూరి, ముక్కు మాత్రం బయట పెట్టి పడుకునేది. లేచిందంటే నా మేజోళ్ళు, చాచా కళ్ళజోడు డబ్బా, ఏది దొరికితే అది మంచం కిందికి ఈడ్చుకుపోయేది. సంతోషం పట్టలేనప్పుడు వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, పక్కపక్కకు ఎగురుతూ గొంతులో డుక్కు డుక్కుమని చప్పుడు చేసేది. ఒకసారి ఇంటి పెద్దకోడలు గ్యారేజీకి వచ్చినప్పుడు ఆమె ముందు అలాగే గంతులేసింది. మీదికి దూకబోతోందని ఆమె కేక పెట్టి పరుగెత్తింది. ఆమెకు నాలుగు నెలల పాప. అది ఆడుకుంటోందని నేను చెప్పబోతే ఎవరూ వినలేదు. అప్పటినుంచి అది వంటింటి గడప దాటకూడదు.

ఇంటాయన్ని పనివాళ్ళమంతా బాబా అనేవాళ్ళం. నా వీసాకు కఫీల్, అంటే పూచీదారు కూడా ఆయనే. బాబాకు పావురాలంటే ప్రాణం. వెనక పెరట్లో వలకంచె కట్టిన గదిలో నలభై దాకా ఉండేవి. పక్కన గింజల బస్తాల గది. అందులో ఎలుకలు పడ్డాయి. పావురాలున్నచోట మందు పెట్టడానికి లేదు. చిన్నకొడుకు చెప్పిన మాట గుర్తొచ్చింది. కొన్ని దేశాల్లో కుందేళ్ళ బొరియల్లోకి, ఎలుకల కలుగుల్లోకి వీటిని పంపి పని చేయించుకుంటారట. నడుముకు తాడు కట్టి ముంగిని ఆ గదిలో వదిలాను. చెక్కల కిందకు దూరి, దుమ్ము కొట్టుకుని బయటికొచ్చేది, నోట్లో ఎలుకతో. రెండు వారాల్లో బస్తాలకు కొత్త కన్నం పడలేదు. బాబాకు చెబితే "శాబాష్" అన్నాడు. మర్నాటికి మరిచిపోయాడు.

జులైలో ఒక పొద్దున నీళ్ళ డబ్బాతో పెరట్లోకి వెళ్ళేసరికి తొమ్మిది పావురాలు చచ్చి పడి ఉన్నాయి. తలుపు గొళ్ళెం వేలాడుతోంది. ముందురోజు సాయంత్రం గింజలు వేస్తుంటే ఇంటినుంచి ఫోన్ వచ్చింది. బిడ్డకు జ్వరమని మా ఆవిడ ఏడ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ గదిలోకి వచ్చేశాను. గొళ్ళెం పెట్టలేదు. వేలాడుతున్న గొళ్ళెం చూడగానే తప్పు నాదేనని తెలిసిపోయింది.

వలకంచెకు తెల్లటి పిల్లి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. నా తలకన్నా ఎత్తైన గోడ మీద ఈకలు, రక్తపు మరకలు. ముంగి ఆ గోడ ఎక్కలేదు. పైగా తెల్లవారేదాకా మూసిన తలుపు వెనక, నా కాళ్ళ దగ్గరే పడుకుంది. దానికి పావురాన్ని చంపడం చేతకాదని అనను. దొరికితే చంపేదేమో. ఆ తొమ్మిదింటిని మాత్రం అది చంపలేదు.

చాచా వచ్చాడు. వెనకే బాబా వచ్చాడు. "ముంగి పనే బాబా, ఇంకెవలు?" అన్నాడు చాచా.

బాబా నా వైపు తిరిగాడు. "అదెక్కడుంది రాత్రి?"

నా గదిలో ఉందంటే, తర్వాతి ప్రశ్న గొళ్ళెం ఎవరు తీసి వదిలేశారని. కారుకు గీత పడినప్పుడే ఆయన నన్ను హెచ్చరించి ఉన్నాడు, ఇంకొక్క తప్పు చేస్తే ఇంటికే అని. వీసా మళ్ళీ వేయించాల్సిన నెల అది.

"మాలూం నహీ, బాబా" అన్నాను.

అంతే అన్నాను. ఆయన పంజరాన్ని పెరట్లో పెట్టమన్నాడు. తీసుకుపోయేవాడు దొరికేదాకా అక్కడే ఉండాలన్నాడు.

"ఎండకు చచ్చిపోతుంది బాబా."

"పావురాలు ఉండటం లేదా?"

ముప్పై డిగ్రీలు దాటితే అది బతకదని, ఏసీ ఆపొద్దని చిన్నకొడుకు వెళ్ళేముందు రెండుసార్లు చెప్పాడు. బహ్రెయిన్ జులైలో నీడలోనే అంతకు మించి ఉంటుంది. నీళ్ళ ట్యాంకు కింద పంజరం పెట్టి, గడ్డకట్టిన సీసాలు గుడ్డలో చుట్టి దాని పక్కన వేశాను. గంటగంటకూ మార్చాను. పిల్లి పని అని తెలిస్తే గొళ్ళెం సంగతి బయటికొస్తుందని, వలకంచె వెంట్రుకలు మాత్రం మొదటి రోజే ఏరి పారేశాను. గోడనూ కడిగాను.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు బాబా కూతురికి సఖీర్‌లోని యూనివర్సిటీలో పరీక్ష. మధ్యాహ్నం దాకా అక్కడే ఆగాలి. సీసాలు మార్చమని చాచాకు చెప్పాను. సరే అని తలూపాడు. సఖీర్‌లో కారు ఏసీ వేసుకుని కూర్చున్నాను. బయట ఇసుక మీద గాలి మరుగుతున్నట్టు కదులుతోంది. చాచాకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

తిరిగొచ్చేసరికి అది పొట్ట నేలకు అంటించి, నోరు తెరుచుకుని పడి ఉంది. సీసాల్లో నీళ్ళు వేడెక్కాయి. గదిలోకి ఎత్తుకొచ్చి పాదాలు తడిపాను, చెవులు తడిపాను. నా గొంతు విని ఒకసారి కళ్ళు తెరిచింది. మూడింటి తర్వాత వచ్చే అసర్ అజాన్ వినబడే లోపే పోయింది.

చాచా గుమ్మంలో నిలబడ్డాడు. "చుట్టాలొచ్చిన్రు తమ్మీ. వంటింట్ల పడి యాది మరిచిన." దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఇన్నాళ్ళలో దాన్ని అంత దగ్గరగా చూడటం ఆయనకు అదే మొదటిసారి. "యా అల్లా, ఇంత చిన్నగున్నదా ఇది?"

వెనక ఖర్జూరం చెట్టు కింద పాతిపెట్టాను.

పన్నెండు రోజుల తర్వాత బాబా పావురాలను ఎగరేస్తుంటే, గోడ మీది నుంచి ఒక తెల్ల గండుపిల్లి దూకి ఆయన కళ్ళ ముందే ఒకదాన్ని పట్టుకుపోయింది. ఆయన చెప్పు విసిరాడు. తగల్లేదు. కాసేపు గోడ వైపే చూసి, "అప్పుడూ ఇదేనేమో. మిస్కీన్" అన్నాడు. పాపం అని దాని అర్థం. తర్వాత కారు కడగమన్నాడు. ఆ ఇంట్లో దాని గురించి ఇంకో మాట రాలేదు. పెద్దకోడలు మాత్రం కారెక్కిన ప్రతి చుట్టానికీ ఆ కథ చెప్పేది, ఒకే రాత్రి తొమ్మిది పావురాల రక్తం తాగిందని, ఇంకో వారం ఉంచుకుంటే తన పాపను పట్టేదని. నేను స్టీరింగు పట్టుకుని వినేవాణ్ణి. ఇది విన్నవాళ్ళు ఇంకెంతమందికి చెప్పారో.

చలికాలంలో చిన్నకొడుకు సెలవుకు వచ్చాడు. ఎయిర్‌పోర్టులో నన్ను కౌగిలించుకున్నాడు. ఎప్పటిలాగే ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. ఇల్లు పది నిమిషాలే. సముద్రం పక్కన కారు ఆపమన్నాడు.

"అది నిజంగా పావురాలను చంపిందా?"

అన్నీ చెప్పాను. గొళ్ళెం, వెంట్రుకలు, గోడ కడగటం. ఏదీ దాచలేదు.

"గదిలోనే ఉందని నీకు తెలుసు."

"తెలుసు."

"ఏసీ సంగతి నీకు చెప్పి వెళ్ళాను."

"చెప్పావు, భయ్యా."

నన్ను తిట్టమని లోపల వేడుకుంటున్నాను. అతను సీటు బెల్టు పెట్టుకున్నాడు. "పద" అన్నాడు.

తండ్రికి చెప్పలేదు. నా వీసాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఇంట్లో ఇంకో మూడేళ్ళు పనిచేశాను. కానీ సెలవున్న మూడు వారాలూ అతను వెనక సీట్లోనే కూర్చున్నాడు. వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో నేను డిక్కీ తెరిచి సూట్‌కేసు కోసం చెయ్యి చాచాను. అతను నా చేతిని తప్పించి, దాన్ని తానే దించుకుని లోపలికి నడిచాడు.