రేకులెక్కిన నేల పోశాలు

డోర్నకల్‌లో పైపుల పని చేసే పోశాలును జనం నేల పోశాలు అంటారు. బోరు మోటారైనా, నల్లా అయినా, నేల మీది పని ఏదైనా చేస్తాడు. రేకులెక్కమంటే మాత్రం ఏదో సాకు చెప్పి తప్పుకుంటాడు. పాలకుర్తిలో ఉన్న రోజుల్లో అన్న కాటమయ్య పత్తి మిల్లు పైన సిమెంటు రేకులు బిగిస్తుంటే, కింద నిలబడి సామాను అందించింది ఇతనే. ఫట్‌మన్న చప్పుడుకు తలెత్తేసరికి రేకులోంచి అన్న కాలు వేలాడుతోంది. మరుక్షణం మనిషే కింద పడ్డాడు. కాటమయ్య బతికాడు గానీ నడుము నిలవలేదు.

అందుకే చలికాలంలో, బడిలో వంట చేసే రూతు ఇంట్లో కొత్త మరుగుదొడ్డికి గాలి పైపు పెట్టినప్పుడు పోశాలు పైకెక్కలేదు. స్టూలు మీద నిలబడి లోపలినుంచే రేకుకు బొక్క కొట్టాడు. పైపును పైకి తోసి, చుట్టూ మిగిలిన సందుకు బండి ట్యూబు ముక్క చుట్టి, తారు పూసి కిందినుంచే అతికేశాడు. చూడ్డానికి బిగువుగానే కనిపించింది.

మొదటి వాన పడ్డ మర్నాడు రూతు ఫోన్ చేసింది.

"ఏం పని జేసినవన్నా? గోడ ముట్టుకుంటె జివ్వుమంటంది!"

పోశాలు వెంటనే వెళ్లి చూశాడు. పైనుంచి దిగిన నీళ్లు ట్యూబు మీద నిలిచి, పొంగి, ఇనుప దూలం వెంబడి పాకి కరెంటు మీటరున్న గోడలోకి ఇంకాయి. ఆ గోడ పక్కనే రూతు అత్త మంచం. పక్షవాతం వచ్చిన మనిషి, లేచినప్పుడల్లా గోడే ఆధారం.

"మెయిన్ తీసేసిన," అంది రూతు. "గని నేను బడిల వంటకు పోతె, ఉక్కపోస్తందని అత్తమ్మ మల్ల ఏస్తది. సెప్పినా యాదుండదు. అటు జూడు, మల్ల మబ్బు కమ్ముతంది."

పైపుల దుకాణం నడిపే ప్రభుదాస్ రెండు సామాన్లు ముందు పెట్టాడు. ఒకటి తారు పట్టీ. నిచ్చెన మీదినుంచే చెయ్యి చాచి పైపు చుట్టూ అతికించొచ్చు. రెండోది నడుమ బొక్క ఉన్న రబ్బరు టోపీ. పైపు మీంచి తొడగాలి, దాని మెత్తటి అంచును రేకు వంపుల్లోకి నొక్కాలి, ఎగువ అంచును పై వరుస రేకు కిందికి దూర్చాలి. అప్పుడే జారే నీళ్లు టోపీ మీదుగా పోతాయి. అంటే పై వరుస దాకా పాకి బోల్టులు వదులు చేయాలి.

పోశాలు చెయ్యి పట్టీ మీదికే పోయింది. "గిది ఆగుతదా?"

"ఈ వానకు ఆగుతది. ఎండలకు పగుల్తది."

ముసలామె అరచెయ్యి గోడను వెతకడం అతని కళ్ల ముందు మెదిలింది. పట్టీ వదిలేసి టోపీ తీసుకున్నాడు.

"ఏందే, నేల పోశాలు ఆకాశానికి పోతున్నవా?" అని ప్రభుదాస్ నవ్వాడు.

"జర నోరు ముయ్యి. పైసలు తీస్కో."

బోల్టుల వరుస కింద దూలం ఉంటుంది, బరువు దానిమీదే పడాలి. వరుస నుంచి వరుసకు పొడుగు చెక్క వేసుకుని పోశాలు రూతు ఇంటి రేకుల మీద బోర్లా పాకాడు. రేకు టిక్కుమన్నప్పుడల్లా ఊపిరి బిగబట్టి అన్న కాలును తలుచుకున్నాడు. చెమట కళ్లలోకి దిగినా తుడుచుకోవడానికి చెయ్యి వదల్లేదు.

నిచ్చెన పట్టుకున్న రూతు అరిచింది. "కిందికి సూడకన్నా!"

"పైకి సూస్తె మబ్బే ఉన్నది చెల్లే, ఎటు సూడాలె?"

"బోల్టును సూడు!"

బోల్టునే చూశాడు. వదులు చేశాడు, టోపీ అంచు దూర్చాడు, మళ్లీ బిగించాడు. అంచును వంపుల్లోకి నొక్కుతుండగానే చినుకులు మొదలై జోరువానయింది. రూతు లోపలికి పరుగెత్తి పైపు చుట్టూ తడిమింది.

"ఒక్క సుక్క గూడ లేదన్నా! దిగు!"

బయటికొచ్చి చూస్తే పోశాలు ఇంకా చెక్కను కరుచుకుని పడుకుని ఉన్నాడు.

"కాళ్లు నా మాట ఇంటలేవు చెల్లే."

రూతు నవ్వలేదు. వానలోనే నిచ్చెనెక్కి అతని మడమ పట్టుకుంది. "గిది నా చెయ్యే. వెనక్కి జరుగు. ఇగో, ఇది మెట్టు. ఇంకో కాలు."

నేలకు దిగాక కూడా అతని పళ్లు టకటకమంటూనే ఉన్నాయి. "గోడ ఆరి, కరెంటాయన జూసెదాక మెయిన్ ముట్టద్దు," అని చెబుతూ లోపలికి తొంగి చూశాడు. ముసలామె లేవబోతూ గోడ మీదికి చెయ్యి చాస్తోంది. ఒక్క అంగలో వెళ్లి ఆ చెయ్యి అందుకున్నాడు.

"అవ్వా, గోడ ముట్టకు. నన్ను పట్టుకో."

ఆమె లేచి, అతని మొహంలోకి చూసింది.

"నాకంటె నీ చెయ్యే ఎక్కువ వణుకుతందేంది కొడకా?"

"వణకనీ అవ్వా," అన్నాడు పోశాలు. "గట్టిగనే పట్టుకున్న."