ఒక్క చుక్క కారని జాయింట్లు

రామన్నపేట దగ్గర మా ఊళ్ళో ఒక కోళ్ళ షెడ్డు ఉండేది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు, కోళ్ళు కలిసిరాలేదని, కంకర క్రషర్ నడిపే సేటు అందులో విమానం పెట్టాడు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. విడి భాగాలుగా పెట్టెల్లో వచ్చింది, మనమే బిగించుకోవాలి.

నన్ను పెట్టుకున్నది దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదవడానికి. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి నాలుగేళ్ళుగా ఇంట్లో ఉన్నాను కాబట్టి చదవడానికి కావలసినంత తీరిక ఉండేది. పానా పట్టడానికి ఊరి బోరు మెకానిక్‌ను పిలిచారు. అరవై దాటిన మనిషి, నాకు వరసకు మామ. పైపు మర చుట్ల మీద తెల్ల టేపు చుట్టి, బిగించి, మోటరు వేయించి, జాయింటు కింద వేలు పెట్టి, పొడి వేలిని రైతుకు చూపించేవాడు. ఆయన జాయింటు కారదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఆ మాట మీదే ఆయనకు పని దొరికేది.

మొదటి వారం బ్రేకు ఆయిలు పైపు నేను బిగించాను. కారింది. మామ వచ్చి విప్పి మళ్ళీ బిగించాడు. సేటు దగ్గర పనిచేసేవాళ్ళందరి ముందూ నాతో, "సారూ, నీ డిగ్రీ కారుతాంది, ఏదన్న గిన్నె పెట్టు" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వినంత మాత్రాన మరిచిపోయినట్టు కాదు.

తర్వాత పెట్రోలు పైపుల వంతు వచ్చింది. పుస్తకంలో చాలా స్పష్టంగా ఉంది. కొన్ని జాయింట్లలో లోహం మీద లోహం కూర్చుంటుంది, వాటికి ఏమీ పూయకూడదు. మిగతావాటికి ఒక రకం పేస్టు రాయాలి, అదీ ముందు రెండు చుట్లు వదిలేసి. టేపు మాత్రం ఎక్కడా వాడకూడదు. దాని పీలిక తెగి లోపలికి పోతే ఇంజను ఆగిపోతుంది. బోరులో అయితే పీలిక నీళ్ళతో పాటు మడిలో పడుతుంది, ఎవరికీ పట్టదు. కార్బొరేటర్‌లో పెట్రోలు పోయే రంధ్రం సూది మొన కంటే పెద్దదేమీ కాదు.

మామకు మొదటి వాక్యం తెలుగు చేసి చెప్పాను.

"ఏం పెట్టకుంట బిగిస్తరా?" అన్నాడు. "గది మోసం పని సారూ. గా పుస్తకం రాసినోడు ఎన్నడన్న బోరు దింపిండా?"

పనివాళ్ళు నవ్వారు. నేను పుస్తకం మూసేశాను. మిగతా వాక్యాలు ఆయనకు చదివి చెప్పలేదు.

రెండు రోజుల్లో ఆయన అన్ని జాయింట్లకూ టేపు చుట్టి బిగించాడు. ఎంత నీటుగా చుట్టాడంటే, విప్పాలంటే ఎవరికైనా మనసొప్పదు. నేను ఒక్కొక్కటీ చూసి, నోటుబుక్కులో "సరిచూసితిని" అని రాసి సంతకం పెట్టాను. ఇంజను ఎలాగూ నేల మీదే కదా ఆడించేది, ఎవరూ చావరు అనుకున్నాను. అప్పట్లో నా దయ అంతవరకే ఉండేది.

ఇంజను మొదలుపెట్టే రోజు ఊరు ఊరంతా వచ్చింది. విమానం ముక్కున పంకా తిరిగింది, షెడ్డు ముందు దుమ్ము లేచింది. మామ ప్రతి జాయింటు కిందా వేలు పెట్టి జనానికి చూపించాడు. పొడిగా ఉంది. కాసేపటికి ఇంజను దగ్గి ఆగిపోయింది.

కార్బొరేటర్ విప్పి, చిన్న పట్టకారుతో ఒక తెల్లటి పోగు బయటికి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తాను. "మామ పెట్రోల్ల సేమ్యా వండిండు" అన్నాను.

నా జీవితంలో అంతమందిని ఒకేసారి నవ్వించింది అప్పుడే. సేటు మామను 'ఒరే' అని పిలిచి, టేపంతా అక్కడే విప్పమన్నాడు. ఆయన కింద కూర్చుని ఒక్కొక్క జాయింటూ విప్పుతుంటే పిల్లలు పీలికలు ఏరుకుని చెవులకు తగిలించుకున్నారు. సాయంత్రానికి ఆయన పేరు సేమ్యా అయింది. నెల తిరగకముందే, విమానం జాయింట్లు కార్పిచ్చినోడట అని పక్క ఊళ్ళు కూడా పిలవడం మానేశాయి.

జాయింట్లన్నీ నేనే మళ్ళీ పుస్తకం ప్రకారం బిగించాను. రెండు కారాయి. చూడటానికి జనం లేరు.

కొన్నాళ్ళకు మామ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, నిజం చెప్పు. గా దినం ఒక్క చుక్కన్న కారిందా?"

"కారలే మామా."

"గా ముక్కనే నలుగురిల చెప్పు. టేపు తప్పే, ఒప్పుకుంట. కారిందంటే మాత్రం ఓర్సుకోను."

చెప్తానన్నాను. ఆయన నా చేయి ఒకసారి పట్టుకుని వెళ్ళాడు.

చెప్పలేదు. కారలేదని చెబితే, మరి టేపు సంగతి ముందే నీకు తెల్వదా అని ఎవరో ఒకరు అడిగేవారు. నోటుబుక్కులో నా సంతకం ఉంది. ఆ ఎండాకాలం మా పెరట్లో బోరు వేయించాం. మోటరు దింపడానికి ఎవరిని పిలుద్దామని మా బాపు అడిగితే, భువనగిరిలో ఒకతను ఉన్నాడట అన్నాను.