అన్నను ఇంటికి తెచ్చిన పేజీ

2022 శీతాకాలం. అరకులో డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరరుగా నాకది చివరి ఏడాది. శనివారాలు కథలు రాసే పిల్లలకి వర్క్‌షాప్ పెట్టేవాణ్ణి. వర్క్‌షాప్ అంటే పెద్ద హంగేమీ లేదు, ఒకరు రాసింది చదవడం, మిగతావాళ్ళు దానిమీద పడటం. కథ రాయడమెలాగో చెప్పే పాత గైడు ఒకటి నా చేతిలో ఎప్పుడూ ఉండేది. అట్ట ఊడిపోయినా దాన్ని వదల్లేదు. కిటికీ బయట ఆ మంచు, వేడి కాఫీ గ్లాసుల్ని పట్టుకున్న ఆ పిల్లల చేతులు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగానే ఉంటుంది.

వాళ్ళలో సుభద్రది జి.మాడుగుల దగ్గర కొండ ఊరు. వాళ్ళన్న చెన్నైలో బిల్డింగు పనికి వెళ్ళాడు. ఏడాది దాటినా కబురు లేదు. ఆ పిల్ల అదే కథగా రాసింది. అన్న రైలెక్కుతాడు, ఇల్లు ఎదురుచూస్తుంది, చివరి పేజీలో తిరిగొస్తాడు. "అందరూ సంతోషించారు" అని ముగించింది. సంతోషమని చెప్పడం కాదు, వచ్చి ఏం చేశాడో చూపించమన్నాను, గైడు మాటే. మరుసటి వారం తిరగరాసి తెచ్చింది. అన్న గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటాడు, ఎర్రమట్టి నీళ్ళు వాకిలంతా పారతాయి. ఎంత మురిసిపోయానో!

అయినా బుద్ధి ఊరుకోదు కదా. "అసలు కథని రైలు కదలగానే ఆపెయ్యమ్మా," అన్నాను. ఓపెన్ ఎండింగ్ అంటారు దాన్ని, ముగింపు పాఠకుడికి వదిలెయ్యడం. పిల్లల కథలతో పుస్తకం వేస్తానన్న సంపాదకుడిదీ అదే పట్టు. అన్న తిరిగొచ్చే ఆ చివరి పేజీ తియ్యకపోతే కథే తీసేస్తానన్నాడు.

సుభద్ర ఒప్పుకోలేదు. "మా ఊర్లో కతలో ఎవుల్నైనా అడివికి పంపితే మల్లీ ఇంటికి తెచ్చీయాల సార్. తేకపోతే ఇన్నోలు కూకున్న కాడి నుంచి లెగరు. అన్నని రైల్లో ఒగ్గీసి నానెలాగ లెగుస్తాను?"

ఫోన్లో కొరియా సీరియళ్ళు చూసే పిల్ల కదా, ఆ దారిన నచ్చజెప్పబోయాను. ఎప్పుడో మన తాతల కాలంలో కొరియాలోనూ ఇలాంటి గైడులు వచ్చాయని, అక్కడి ఆధునిక కథ రూపు దిద్దుకోవడంలో వాటి చెయ్యి ఉందని చెప్పాను.

"అయితే ఆ కొరియావోలు గైడు సెప్పినట్టే రాసీసేరా సార్?"

"అదెలా? పద్ధతి నేర్చుకున్నారు, గొంతు తమదే ఉంచుకున్నారు."

"మరింకేటి సార్!" అని పకపకా నవ్వింది.

నా వేలితో నా కన్నే పొడుచుకున్నట్టయింది. సంపాదకుడికి ఫోన్ చేసి ఆ ఊరి ఆచారం చెప్పి వాదించాను. కాసేపు విసుక్కుని, చివరికి సరేనన్నాడు. పేజీ నిలిచింది.

పుస్తకం వచ్చాక సుభద్ర ఒకరోజు స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది.

"అమ్మకి సదివి ఇనిపించేను సార్."

"ఏమంది?"

"ఏటీ అన్నేదు. అన్న ఎలిపోయినకాడి నుంచి గుమ్మంలోనే కూకునుండేది. ఆ పేజీ అయిపోగానే లెగిసింది. పొయ్యి ముట్టించింది."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

వాళ్ళన్న ఇప్పటికీ రాలేదు. ఆ గైడు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అడిగినవాళ్ళకి ఇస్తూనే ఉన్నాను. ముగింపు పాఠకుడికి వదలమన్న అధ్యాయం దగ్గర మాత్రం ఒక మాట చెబుతాను. వదిలేముందు, ఆ పాఠకుల్లో ఎవరైనా గుమ్మంలో కూర్చుని ఉన్నారేమో చూడండి.