తెరకి ఇటూ అటూ తుపాకీ పాట

ఏలీయా మావయ్యకి బంటుమిల్లి సెంటర్లో వెల్డింగ్ షాపు ఉండేది. చేతికి ఎముక లేని మనిషేం కాదు, టీ కూడా ఎదుటివాడి డబ్బుల్తోనే తాగేవాడు. అలాంటివాడికి పాత తుపాకీ కనబడితే మాత్రం ఒళ్ళు తెలిసేది కాదు. పేలేవి కాదు లెండి. తుప్పుపట్టి, పిడి ఊడి, పోలీసులే తుపాకీ అని ఒప్పుకోనివి. గుడివాడలో మూతబడ్డ ఒక మిల్లు సామాను వేలం వేస్తే, వాచ్‌మన్ తుపాకీ గొట్టం ఒక్కదానికి కొత్త సైకిలు ధర పెట్టి వచ్చాడు. ఆయన మొహం వెలిగిపోవడం చూసే పక్కవాళ్ళు పాట పెంచేసేవారు.

తొంభై ఎనిమిదిలో, వచ్చిన కానుకలన్నీ వేలం వేసే మా చర్చి కోత పండగకి, ఊళ్ళో భూస్వామి భుజంగరావుగారు ఒక తుపాకీ కానుకగా పంపారు. ఆయన తండ్రి పరజపిట్టల వేటకి వాడినది. గొట్టంలో సీసం పోయించి, కాగితాలు సరిచేయించి మరీ పంపారు. ఆ వేటల్లో దాన్ని మోసుకుంటూ వెనక నడిచినవాడు మావయ్య తండ్రి సత్యవేదం. పిడి విరిగితే తుమ్మచెక్క చెక్కి బిగించిందీ ఆయనే. మావయ్య దగ్గర తండ్రి ఫొటో అయినా లేదు. తండ్రి చేతి గుర్తు ఈ లోకంలో ఆ పిడి ఒక్కటే.

"మీరు పాడితే కొంప కొల్లేరే. నోరు మూసుకు కూర్చోండి. ఆడాళ్ళ వైపు నుంచి నేను పాడతాను. రెండు వేలు దాటితే మాత్రం వదిలేస్తా" అంది సువర్ణత్తయ్య. మావయ్య బుద్ధిగా తలూపాడు.

మా చర్చి పాట తీరే వేరు. డబ్బు దేవుడిది కాబట్టి గుమ్మడికాయ కూడా కోడిపుంజు ధర పలుకుతుంది. పందిరి మధ్యన తెర కట్టి, ఇటు మగాళ్ళు, అటు ఆడాళ్ళు కూర్చుంటారు. గొప్పకి ఇచ్చినట్టు ఉండకూడదని పాడినవాళ్ళ పేరు బయటపెట్టరు. ఇటు సంఘపెద్ద తోమాసుగారి చెవిలో, అటు పాస్టరుగారి భార్య చెవిలో చెబితే, వాళ్ళు అంకె మాత్రం అరుస్తారు.

తుపాకీ బల్ల మీదకి వచ్చింది. మావయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. బందరు నుంచి వచ్చిన పాత సామాన్ల షాపాయన పట్టుబట్టి రెండు వేల దాకా లాగాడు.

"రెండు వేల ఐదొందలు!" అని తెర అవతల కేక. షాపాయన చేతులెత్తేశాడు. మావయ్య మాత్రం నా భుజం నలిపేశాడు.

"అది మీ అత్త కాదురా! రెండు వేలకే ఆగిపోయుంటుంది. ఇంకెవరో ఎగరేసుకుపోతున్నారు!"

అంతే, ఒక్క ఉరుకులో తోమాసుగారి చెవి దగ్గరున్నాడు.

"మూడు వేలు!" తోమాసుగారి గొంతు.

"నాలుగు!" తెర అవతల.

"ఐదు!"

జనం లేచి నిలబడ్డారు. ఈలలు, చప్పట్లు. పాస్టరుగారు ప్రార్థన మాట మరిచిపోయి గడియారం తీసి పక్కన పెట్టారు. నాకూ పూనకం వచ్చేసి "పాడు, ఇంకా పాడు!" అని అరిచాను. ఎంత హుషారనుకున్నారు! ఆ పైన ఐదొందల చొప్పున పెరిగి, మావయ్య ఎనిమిది వేల దాకా వచ్చాడు. షాపులో మిషను అమ్మినా అంతకు మించి రాదు.

"తొమ్మిది వేలు!" తెర అవతల.

మావయ్య కండువా మొహాన కప్పుకుని చాప మీద కూలబడ్డాడు.

తెర పక్కకి తొలిగింది. భుజాన తుపాకీతో, చెమటలు కక్కుతూ సువర్ణత్తయ్య వచ్చింది.

"ఎవడండీ ఆ దిక్కుమాలినోడు, ఊపిరి సలపనివ్వలేదు! గేదెలు రెండూ అమ్మితేగానీ ఈ బాకీ తీరదు!"

తోమాసుగారు చాప మీదున్న మావయ్య వైపు చెయ్యి చూపించారు. పందిరంతా ఒక్కసారిగా నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. తిడుతుందని మేమంతా ఎదురు చూస్తుంటే, మావయ్య ముందు కూర్చుని, తుమ్మచెక్క పిడి ఆయన వైపు తిప్పి, ఒళ్ళో పెట్టింది.

"ఇది మీ నాన్నగారిది కదా. రెండు వేల దగ్గర నేను ఆగిపోతానని ఎలా అనుకున్నారండీ?" అంది.