మామ్మ కట్టిన సావిడాయి, వదిన చూసిన బాతులు

మా చిన్నప్పుడు గోపాల్‌పూర్‌లో చలికాలం వచ్చిందంటే మా ఇంటి చూరుకి ఒక ఎండు సావిడాయి వేలాడేది... రిబ్బనులా పొడుగాటి చేప. తినడానికి కాదు, వాన సంగతి తెలుసుకోవడానికి!

మా గంజాం జిల్లా అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. నేను చెబుతుంటే మా మునిమనవరాలు ఫోన్‌లో టైపు కొడుతోంది...

ఉప్పు పట్టించిన ఆ చేప కర్రలా బిగుసుకుని ఉంటే ఆకాశం బాగుంటుందని లెక్క. మెత్తబడి తోక జారిందా, గాలివాన వస్తుందని. మామ్మ పొద్దున్నే దాన్ని వేలితో నొక్కి చూసి, రాబోయే పక్షం ఎలా ఉంటుందో చెప్పేది. ఆమె సరేనంటేనే మా అయ్య, అన్న తెప్ప దించేవారు.

ఆ ఏడు మార్గశిరం పిచ్చిపిచ్చిగా ఉంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం మళ్లీ ఎండ. వేట లేక ఇంట్లో గింజలు నిండుకున్నాయి. సరిగ్గా అప్పుడే మా కొత్త వదిన ఆ చేపను దించి వంకాయతో పులుసు పెట్టేసింది!

పాపం, ఆమెది చిలికా ఒడ్డున రంభ. సరస్సు పిల్లకి మా సముద్రం వాళ్ల పద్ధతులు ఏం తెలుసు? అది చూరు చేపేనని తెలియక అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం కూడా...

మర్నాడు మామ్మ చూరుకేసి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"ఏటే పిల్లా, ఆ సేపనే వండీసినావా? ఇప్పుడు మగోల్లని ఏటి సూసి పంపేది?"

వదిన వెళ్లి తలుపు చాటున నిలబడింది. బయట చూస్తే నీలాకాశం, నున్నటి సముద్రం. అయ్య ఇక ఆగలేక తెప్ప తాళ్లు బిగిస్తున్నాడు.

అంతలో పైన రెక్కల చప్పుడు... తలెత్తి చూశాను. చిలికా వైపు నుంచి బాతులు! ఆకాశం కనపడనన్ని... సముద్రం వదిలేసి కొండలకేసి పోతున్నాయి. వాటి నీడ ఇసుక మీద పాకుతూ పోయింది.

"మామ్మా, మా రంభలో ఇవి పట్టపగలు ఇలాగ కొండలకేసి ఎల్తే మా అయ్య పడవ కట్టేస్తాడు. నన్ను తిట్టు గానీ... ఆల్ని ఎల్లనీకు" అంది వదిన, గుమ్మం దిగి వచ్చి.

అయ్య నవ్వాడు. మామ్మ నవ్వలేదు. కాసేపు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. తర్వాత తిన్నగా వెళ్లి తెప్ప మీద కూర్చుంది... కన్నతల్లి కూర్చున్న తెప్పని ఏ కొడుకు నీళ్లలోకి తోస్తాడు?

మధ్యాహ్నానికి తూర్పంతా నల్లబడింది. ఇక చూడాలి... సముద్రం లేచి నిలబడింది! తాటిచెట్టంత అలలు! మేం ఆడుకునే ఇసుక దాటి వచ్చి, కట్టేసిన మా తెప్పని తాడు తెంపి పట్టుకుపోయాయి. అయ్య, అన్న గుమ్మంలో బొమ్మల్లా నిలబడి చూశారు. మామ్మ మాత్రం ఇంట్లో వదిన చెయ్యి పట్టుకుని కూర్చుంది, గాలి తగ్గేదాకా వదల్లేదు.

ఆ తర్వాత కూడా ప్రతి చలికాలం చూరుకి చేప వేలాడేది. కానీ మామ్మ దాన్ని నొక్కి చూసి, "ఏటే, నీ బాతులు ఏటంటన్నాయి?" అని వదినను అడిగాకే మాట చెప్పేది.

ఇప్పుడు రెండు వారాల వాతావరణం ఫోనే ముందుగా చెప్పేస్తోంది. మంచిదే, ఎన్ని ప్రాణాలు నిలబడుతున్నాయో... కానీ వద్దని చెప్పి, వెళ్లి తెప్ప మీద కూర్చునే మామ్మ ఏ ఫోన్‌లో ఉంది?

మబ్బు పట్టినప్పుడు మీ ఇంట్లో ఎవరి మాట కోసం ఆగేవారు? రాయండి... మా పిల్ల చదివి వినిపిస్తుంది.