శాలువాల వరుస

పని మీద సారపాక వెళ్లినవాణ్ని, భద్రాచలం దగ్గర ఒక మ్యూజియంలో పాలస్తీనా బాణీల కచేరీ ఉందంటే వెళ్లాను. వచ్చే చందాలు యుద్ధంలో దెబ్బతిన్న పిల్లలకట. ముందు వరుసలోని పెద్దమనుషులకు శాలువాలు కప్పేసరికే సగం సాయంత్రం అయిపోయింది. పిల్లలు ఎలాగూ ఆగుతారు కదా!

చివరికి గాయని ఒక పాట ఎత్తుకుంది. బాంబు పడి కొడుకును పోగొట్టుకున్న తల్లి ఏడుపు అది. అర్థం తెలుగులో ముందే చెప్పారు. పాట ఆగగానే శాలువాల వరుసలోంచి ఒక కేక: "వన్స్ మోర్!"

అతిథుల ముందు స్వాగత నృత్యం చేయడానికి పిలిపించిన కోయ అవ్వ నా పక్కనే కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఆ కేకకు ఉలిక్కిపడి నన్ను అడిగింది:

"ఏంది బిడ్డా, ఆ పిల్లగాడు మళ్ల సావాల్నా?"

అంతలోనే పాట మళ్లీ మొదలైంది.